కుక్కల బండిలో చెమ్మ



నేడు నేను చెప్పబూనిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. కుక్కలను ఒకచోటినుండి మఱియొక చోటికి గొనిపోవు మూతబండ్ల లోపలి రేకులకు నీటిబొట్లు పట్టుచుండును. అవి యేల పట్టుచున్నవి, వానిని తగ్గించు ఉపాయ మెట్టిది అనునదే ఈ ప్రసంగము. బ్రదుకంతయు బడిలో వ్యాకరణమును, కావ్యములను చెప్పిన పండితునకు ఈ గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని తర్కము చదివిన ప్రతివాడును మొదట నేర్చు పాఠమొకటి కలదు: కొండపై పొగను చూచి నిప్పు నూహింపవలెను. అట్లే ఈ నీటిబొట్టును చూచి మన మొక దాని నూహింపవలసియున్నది. ఆ యూహ తప్పినచో నోరులేని ప్రాణులకు ముప్పు వాటిల్లును.

మా ఉస్మాన్‌గంజు హైదరాబాదు నగరమున ఉల్లి, వెల్లుల్లి, అల్లము మొదలగు సరకుల టోకు బేరమునకు పేరుపడిన చోటు. తెల్లవాఱకమునుపే లారీలు వచ్చును; హమాలీలు బస్తాలు దింపుదురు. బేరము ముగిసిన పిదప మిగిలిన తుక్కునకు, దానిలోని ఎలుకలకు, టీ అంగళ్లయొద్ద రాలిన రొట్టెముక్కలకు కుక్కలు చేరును. అంగడి యున్నచోట కుక్క యుండుట లోకసహజము. ఈ కుక్కలను పట్టి శస్త్రచికిత్సకును, వెఱ్ఱికుక్క రోగము రాకుండ టీకాకును గొనిపోవు బండ్లు మా వీధులలో కనబడుచునే యుండును.

ఇది దయగలవారి వేడుక మాత్రమే కాదు. చట్టము విధించిన పని. జంతువులపట్ల క్రూరత్వమును నివారించు శాసనము 1960లో వచ్చినది. జంతువుల రవాణాకు నియమములు 1978లో ఏర్పడినవి. అందు కుక్కలకును, పిల్లులకును ప్రత్యేకమగు అధ్యాయమే కలదు. వీధికుక్కల సంతాన నియంత్రణ నియమములు 2001లో వెలువడినవి. వాని స్థానమున 2023లో క్రొత్త నియమములు వచ్చినవి. వీని సారమేమనగా, కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, మరల పట్టినచోటనే విడువవలెను. అనగా ప్రతి కుక్కయు రెండుమాఱులు బండి యెక్కవలసినదే. 2023 ఫిబ్రవరిలో మన అంబరుపేటలో ఒక పసిబాలుడు వీధికుక్కల నోట పడి ప్రాణములు కోల్పోయిన ఘోరమును నగరవాసులు మఱచియుండరు. 2025 నవంబరు 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలలు, వైద్యశాలలు, క్రీడాప్రాంగణములు, బస్సు నిలయములు, రైల్వే స్టేషనులు మున్నగు చోట్లనుండి కుక్కలను ఆశ్రయములకు తరలింపవలెనని ఆదేశించెను. కుక్కలను ప్రేమించువారైనను, వానికి భయపడువారైనను ఒక్కమాట ఒప్పుకొనక తప్పదు: ఎక్కించిన కుక్క ప్రాణముతోడను, ఆరోగ్యముతోడను బండి దిగవలెను. అట్లు దిగుటకు కావలసిన వానిలో మొదటిది గాలి.

ఇక విషయమునకు వత్తము. మా వీధిలో ఇట్టి బండి నడుపు యువకుడొకడు కలడు. “సార్, టాపు కారుతున్నది. మూడుసార్లు సీలంటు పూయించిన, అయినా ఆగుతలేదు” అని అతడు నాతో అనెను. వాన లేని మార్గశిర మాసమున టాపు కాఱుట యెట్లని నే నడిగితిని. అతనివంటివారు పెక్కుమంది కలరు. లోపల నీరు కనబడినచో బయటినుండి వచ్చినదే యనుకొనుట సహజము. అట్లనుకొని సందులన్నిటిని మూయుదురు. మూసినకొలది నీరు హెచ్చును.

కాఱుటయో, చెమర్చుటయో తెలిసికొనుటకు సులభమగు పరీక్ష యున్నది. వంటింటిలో రొట్టెలు చుట్టు అల్యూమినియపు పలుచని రేకును జానెడు కొలతగా కత్తిరించి, పైకప్పు లోపలి ముఖమును తుడిచి ఆఱిన పిదప, నాలుగు అంచులను పట్టీతో గట్టిగా అతికింపుడు. కుక్కలతో ఒక ప్రయాణము చేసి వచ్చి చూడుడు. తడి ఆ రేకునకు వెనుక, అనగా కప్పునకును రేకునకును నడుమ నున్నచో, నీరు బయటినుండి దిగినది. మనవైపు ముఖముననే బొట్లున్నచో, నీరు లోపలి గాలినుండి పుట్టినది. మా యువకుని బండిలో బొట్లు మనవైపే యుండెను. మూడుమాఱులు పూసిన సీలంటునకు పని లేకపోయినదని అప్పుడతనికి తేటపడినది.

గాలినుండి నీరెట్లు పుట్టును? గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి సదా కలదు. అది యెంత యుండగలదనునది వేడిమినిబట్టి నిర్ణయమగును. ఒక ఘనమీటరు చోటిలో 10 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియొద్ద సుమారు 9 గ్రాములు, 15 డిగ్రీలయొద్ద 13 గ్రాములు, 20 డిగ్రీలయొద్ద 17 గ్రాములు, 30 డిగ్రీలయొద్ద 30 గ్రాములు మాత్రమే నిలువగలదు. వెచ్చని గాలి చల్లని వస్తువును తాకినప్పుడు చల్లబడి, తాను మోయలేని ఆవిరిని అచటనే నీటిబొట్లుగా దింపును. ఏ వేడిమియొద్ద ఈ దింపుట మొదలగునో దానిని తుషారాంకమందురు. మన భాషలో చెప్పవలెనన్న, మంచు పుట్టు మెట్టు. చల్లని మజ్జిగ పోసిన కంచుచెంబునకు వెలుపల చెమట పట్టుట అందఱు ఎఱిగినదే. చెంబు కాఱలేదు; గాలి చెమర్చినది.

ఉస్మాన్‌గంజు వర్తకులకు ఈ శాస్త్రము పేరు తెలియకున్నను ఫలము తెలియును. ఉల్లిగడ్డల లారీపై పట్టాను గాలి చొరనీయక బిగించి కట్టినచో, తెల్లవాఱి విప్పునప్పటికి పట్టా అడుగుభాగము తడిసి బొట్లు రాలుచుండును, పైబస్తాలు మెత్తబడియుండును. ఉల్లిగడ్డయు ప్రాణముగలదే, అది ఊపిరి విడుచును, ఆ యూపిరిలో ఆవిరి యుండును. రాత్రి పట్టా చల్లబడగా ఆవిరి దానికి పట్టును. అందుచేత అనుభవముగల లారీవాడు ముందు వెనుకల పట్టాను కొంచెము ఎత్తి కట్టును. కుక్కల బండికి కావలసిన ఉపాయమంతయు ఈ ఎత్తి కట్టుటలోనే యున్నదని చెప్పవచ్చును.

మఱియొక సంగతి. ఇనుపరేకు చుట్టునున్న గాలికంటెను చల్లబడగలదు. తేటయైన ఆకాశము క్రింద రాత్రివేళ పచ్చిక తన వేడిని ఆకాశమునకు వెదజల్లి గాలికంటె కొన్ని డిగ్రీలు చల్లనగుననియు, మంచు ఆకాశమునుండి రాలదు, చల్లబడిన వస్తువుపై గాలినుండియే పుట్టుననియు విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు 1814లో ప్రకటించిన గ్రంథమున విశదము చేసెను. పచ్చికకు చెల్లునది బండికప్పునకును చెల్లును. కనుకనే రాత్రి ఆరుబయట నిలిచిన బండిలో తెల్లవాఱుజామున కుక్కల నెక్కించినప్పుడు బొట్లు హెచ్చు.

ఇప్పుడు లెక్క వేయుదము. ఉపాధ్యాయుడను గాన లెక్క లేనిదే నాకు తృప్తి కలుగదు. బండి లోపలి పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు 1.6 మీటరు, ఎత్తు ఒకటిన్నర మీటరు అనుకొందము. అది 6 ఘనమీటర్ల చోటు. పుష్యమాసపు ఉదయమున బయట 15 డిగ్రీలు. గాలిలో తేమ నూటికి 80 పాళ్లు. అనగా ఘనమీటరునకు సుమారు 10 గ్రాముల ఆవిరి ముందే యున్నది. కప్పు 15 డిగ్రీలయొద్ద నున్నచో 13 గ్రాములకు చేరగానే బొట్లు పట్టును. మిగిలిన చోటు ఘనమీటరునకు రెండున్నర గ్రాములు. మొత్తము బండికి 15 గ్రాములు. ఇది మూడు చెంచాల నీటికి మించదు.

పది కుక్కల నెక్కించితిమి. పదునైదు కిలోల బరువుగల కుక్క నెమ్మదిగా నున్నప్పుడు నిమిషమునకు సుమారు 5 లీటర్ల గాలిని పీల్చి విడుచును. గంటకు 300 లీటర్లు. పది కుక్కలకు 3 ఘనమీటర్లు. ఊపిరితిత్తులలో వెచ్చబడి తడిసి వచ్చిన ఆ గాలి ఘనమీటరునకు 20 గ్రాములచొప్పున ఆవిరిని క్రొత్తగా తెచ్చుననుకొన్నను, గంటకు 60 గ్రాములగును. మూసిన బండిలోని 15 గ్రాముల చోటు పదునైదు నిమిషములలో నిండినది! అదియు కుక్కలు నెమ్మదిగా నున్నప్పటి మాట. పట్టువడిన కుక్క నెమ్మదిగా నుండునా? అది భయముచే నాలుక చాచి రొప్పును. గాలి అయిదు రెట్లు కదలినను గంటకు 300 గ్రాములు. అప్పుడు మూడు నిమిషములకే కప్పు చెమర్చును. ఇది ఉజ్జాయింపు లెక్కయే. కుక్కల పరిమాణమును బట్టియు, రొప్పును బట్టియు మాఱును. అయినను గంజు దాటి మొజంజాహి మార్కెట్టు కూడలి చేరకముందే బొట్లు పుట్టుటకు కారణ మిందు స్పష్టముగా నున్నది.

ఇంకొక మూలము కలదు. అది చాలమంది కంటబడదు. బండిని కడిగి, తడి ఆఱకముందే తలుపులు మూసి కుక్కల నెక్కింతురు. నేలపై, మూలలలో, బోనుల క్రింద ఒక్క లీటరు నీరు నిలిచినను అది వేయి గ్రాములు. నెమ్మదిగానున్న పది కుక్కలు పదునాఱు గంటలసేపు విడుచు ఆవిరి అందున్నది. కనుక కుక్కలను నిందించుటకు ముందు మన చీపురును పరిశీలింపవలెను.

ఇంతవఱకు నీటి మాట. ఇక ప్రాణము మాట.

మనకు చెమట పట్టి, అది ఆఱునప్పుడు దేహము చల్లబడును. కుక్కకు పాదముల అడుగున తప్ప చెమట పట్టదు. అది తన వేడిని ముఖ్యముగా నాలుకమీదుగా, నోటి తడిమీదుగా, శ్వాసమార్గముల తడిమీదుగా వదలుకొనును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు దేహమునుండి సుమారు 580 కేలరీల వేడి తీసికొనిపోవును. రొప్పు అనునది కుక్కకు మన పంకావంటిది. కాని చుట్టునున్న గాలి ముందే ఆవిరితో నిండియున్నచో నాలుకపై తడి ఆఱదు. ఆఱనిచో వేడి పోదు. వేడి పోనిచో కుక్క మఱింత రొప్పును. ఆ రొప్పు చేత కండరములలో క్రొత్త వేడి పుట్టును. గాలి మఱింత తేమయగును. ఆరోగ్యముగల కుక్క దేహపు వేడిమి 38 మొదలు 39 డిగ్రీల చిల్లర వఱకుండును. 41 దాటినచో వడదెబ్బ. పిదప మెదడు, మూత్రపిండములు, రక్తము చెడి ప్రాణాపాయము.

ఇప్పుడు పొగయు నిప్పును తలచుకొనుడు. బండిలో కప్పునకు పట్టిన బొట్టు పొగవంటిది. దానివలన ఊహింపవలసిన నిప్పు ఏదనగా, లోపలి గాలి మాఱుటలేదు. నీరు హేతువు, నిలిచిన గాలి సాధ్యము. అయితే తార్కికుడు ఇచట ఒక జాగ్రత్త చెప్పును. పొగ యున్నచోట నిప్పుండును గాని, పొగ లేనిచోట నిప్పు లేదనరాదు. కాలిన ఇనుము పొగ విడువదు. అట్లే మండువేసవిలో రేకు కాలుచుండుటచేత బొట్టు పట్టదు. అంతమాత్రమున గాలి బాగున్నదనుకొనరాదు. ఎండలో నిలిపిన మూతబండి లోపలి వేడిమి పది నిమిషములలో పది డిగ్రీలదాక పెరుగగలదు. బొట్లు లేని వైశాఖమే బొట్లున్న పుష్యముకంటె ప్రమాదకరము. కనుక బొట్టును తుడిచి ఊరకుండువాడు పొగను విసరి నిప్పు ఆఱినదని సంతోషించువానివంటివాడు.

చలికాలపు చెమ్మయు నిరపాయము కాదు. తడిసిన చర్మముతో కుక్కపిల్లలు చలికి వణకును. గాలి మాఱని చోట ఒక కుక్క దగ్గినచో తుంపరల మూలమున ఆ దగ్గు తక్కినవానికి అంటును. తడిసిన పఱపులలో బూజు పుట్టును. మూత్రపు ఘాటు కండ్లను, ముక్కును మండించును. శస్త్రచికిత్స చేసికొని తిరిగివచ్చు కుక్క కుట్లపై తడి తగులరాదు. బండికి కలుగు నష్టము వేఱు: రేకుల అతుకులలో తుప్పు, విద్యుత్తు తీగల ముడులలో పచ్చచిలుము.

నివారణోపాయములను వరుసతో చెప్పెదను. వరుస ముఖ్యము; మూడవదానిని మొదట చేసినచో డబ్బు వ్యర్థము.

మొదటిది, అక్కఱలేని నీటిని లోపలికి రానీయకుండుట. బండిని ప్రయాణమునకు ముందు కాక, తిరిగివచ్చిన వెంటనే కడుగవలెను. రబ్బరు అంచుగల తుడుపుకఱ్ఱతో నీటిని బయటికి లాగి, తలుపులన్నియు తెఱచి ఎండలో ఆఱవిడువవలెను. నేల వెనుకకు కొంచెము వాలియుండి, అడుగు రంధ్రములు పూడకుండ నుండవలెను. బోనులలో నేలకు కొంచెమెత్తుగా చిల్లుల పలక వేసినచో కుక్క తడిలో పండుకొనదు. మూత్రముతో తడిసిన గోనెను, కాగితములను ప్రతి ప్రయాణమునకును మార్చవలెను. కాని ఒక హెచ్చరిక: ఆవిరి తగ్గుననుకొని కుక్కలకు త్రాగునీరు తగ్గింపరాదు. అది పాపమే కాక అవివేకమును. తొణకని పాత్రలో ఆగినచోట్ల నీరు పెట్టవలెను.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, గాలికి దారి. దారి యనగా రెండు వాకిళ్లు. ఒక్క కిటికీ తెఱచినంతమాత్రమున గాలి నడువదు. ముందుభాగమున క్రిందుగా గాలి ప్రవేశింపవలెను; వెనుకభాగమున పైన, కప్పునకు దగ్గఱగా నిష్క్రమింపవలెను. వెచ్చని తేమగాలి తేలిక గాన పైకి పోవును. ప్రవేశద్వారము నిష్క్రమణద్వారముకంటె చిన్నది కారాదు. రెండింటికిని వాన పడకుండ వాలు పలకలును, కుక్క మూతి చొరకుండ జాలియు నుండవలెను. గాలి కుక్కల నడుమనుండి పోవునట్లు బోనులకును గోడకును నాలుగు వ్రేళ్ల ఎడము విడువవలెను.

గాలి యెంత కావలెను? మన లెక్కలో లోనికి వచ్చిన ప్రతి ఘనమీటరు గాలియు రెండున్నర గ్రాముల ఆవిరిని మోసికొనిపోగలదు. నెమ్మదిగానున్న పది కుక్కలకు గంటకు 24 ఘనమీటర్లు; రొప్పుచున్నప్పుడు 120 ఘనమీటర్లు. అనగా మూడు నిమిషముల కొకమాఱు బండిలోని గాలియంతయు మాఱవలెను. బండి నడచునప్పుడు ఇది కష్టము కాదు. కాని మన నగరమున బండి నడచుకాలమెంత, నిలుచుకాలమెంత? అఫ్జల్‌గంజు కూడలిలో చిక్కుకొన్న బండికి గాలిని ఎవరు తెత్తురు? కనుక బ్యాటరీతో తిరుగు 12 వోల్టుల చిన్న పంకాలు రెండు, గాలిని బయటికి త్రోయునట్లు పైన బిగింపవలెను. ఒక్కటి చెడినను రెండవది యుండును. ఇంజను ఆపినను పంకాలు తిరుగునట్లు తీగ కలుపవలెను. అవి తిరుగుచున్నట్లు తెలుపు చిన్న దీపము డ్రైవరు ఎదుట నుండుట మేలు.

ఇచట ఒక ప్రమాదమును తప్పక చెప్పవలెను. గాలికొఱకు వెనుక తలుపును కొంచెము తెఱచి కట్టి బండి నడుపువారు కలరు. నడచు బండి వెనుక గాలి సుడులు తిరిగి, ఇంజను పొగను లోనికి లాగును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువుండును. కనుక పొగగొట్టమునకు దగ్గఱగా ఏ రంధ్రమును ఉంచరాదు. వెనుకతలుపు తెఱచి నడుపరాదు.

మూడవది, లోపలి ముఖమును చల్లబడనీయకుండుట. వానకాలమున ఇది లేనిదే పని జరుగదు. శ్రావణమాసపు రాత్రి బయట 24 డిగ్రీలు, తేమ నూటికి 90 పాళ్లు అనుకొనుడు. గాలిలో ఘనమీటరునకు 19 గ్రాములకు పైగా నున్నది. వానచే తడిసిన కప్పు 23 డిగ్రీలయొద్ద నున్నచో 20 గ్రాముల చిల్లరకే బొట్టు పట్టును. మిగిలినది ఒక్క గ్రామే. ఎంత గాలి త్రోలినను చాలదు. కాని కప్పునకు లోపల వేడిని నిలుపు పొర వేసి, కుక్కల దేహపు వేడిచే ఆ లోపలి ముఖము 27 డిగ్రీలకు వచ్చునట్లు చేసినచో, 25 గ్రాములదాక బొట్టు పట్టదు. ఆఱు గ్రాముల వెసులుబాటు దొరకినది; ఒకటికి ఆఱు రెట్లు! మా యువకుని బండియందును ఇట్లే జరిగినది. పంకాలు పెట్టిన పిదప చలికాలపు బొట్లు చాలవఱకు పోయినవి. వానకాలపు బొట్లు పొర వేసిన పిదపనే తగ్గినవి.

ఆ పొర యెట్టిదై యుండవలెను? నీటిని పీల్చని నురుగుపలక. అనగా లోపలి గదులన్నియు విడివిడిగా మూసియున్నది. దానిని రేకునకు నడుమ ఖాళీ లేకుండ అతికించి, కుక్కలు కొఱుకకుండ పైన అల్యూమినియపు పలకయో, గట్టి ప్లాస్టిక్కు పలకయో బిగించి, అతుకులను మూయవలెను. ఖాళీ విడిచినచో తేమగాలి పలక వెనుకకు పోయి, చల్లని రేకునకు కనబడకుండ నీరు పట్టించును. రెండేండ్లకు తుప్పు బయటపడును. కప్పు క్రింది ఇనుప కమ్ములనుగూడ కప్పవలెను. లేనిచో ఆ కమ్ముల వెంబడియే బొట్లు వరుసగా నిలుచును. గోనె, దూది, కొబ్బరిపీచు ఇందుకు పనికిరావు. అవి నీటిని పీల్చి కుళ్లును. ఈ పొర వేసవిలో ఎండవేడినిగూడ కొంత ఆపును గాన, పెట్టిన ఖర్చు రెండు కాలములకును ఉపకరించును.

నాలుగవది, కుక్కల సంఖ్యయు, కాలమును. పది కుక్కల బండిలో పదునైదు కుక్కల నెక్కించినచో పైన చెప్పిన లెక్కలన్నియు తలక్రిందులగును. వేసవిలో సూర్యోదయమునకు ముందే ప్రయాణము ముగింపవలెను. కుక్కల నెక్కించి బండి నిలిపి మఱియొక వీధిలో పట్టుకొఱకు తిరుగుట మానవలెను. ఒకచోట పట్టినవానిని చేర్చి, మరల వచ్చుట మేలు.

ఇక చేయరాని పనులు. రోహిణికార్తెలో జాలిపడి బోనులపై తడిగోనె కప్పువారు కలరు. పొడిగాలిలో వట్టివేళ్ల తడక మన యిండ్లను చల్లపఱచుట నిజము. కాని ఆ చల్లదనము గాలి ధారాళముగా వీచినప్పుడే. మూతబండిలో తడిగోనె గాలిని ఆపును, ఆవిరిని పెంచును, కుక్క నాలుకపై తడిని ఆఱనీయదు. మేలు తలచి చేసిన కీడు. కుక్క వేడెక్కినదని తోచినచో దానిని నీడకు దింపి, దేహమును నీటితో తడిపి, గాలి విసరుచు, పశువైద్యునియొద్దకు గొనిపోవలెను. తేమను పీల్చు రసాయనపు సంచులను వ్రేలాడదీయుటయు దండుగ. సిలికాజెల్ తన బరువులో మూడవవంతునకు మించి నీటిని పీల్చుట అరుదు; గంటకు 300 గ్రాముల ఆవిరికి గంటకొక కిలో సంచి కావలెను. అవి తుపాకి పెట్టెకు చాలును గాని ఊపిరి విడుచు ప్రాణులకు చాలవు.

చలువయంత్రము గల బండ్లమాట రెండు ముక్కలలో చెప్పెదను. పగ్గువంటి చట్టిముక్కు కుక్కలకు వేసవిలో అది అవసరమే. చలువయంత్రపు చల్లని గొట్టములపై ఆవిరి నీరై కాఱి బయటికి పోవును గాన గాలి పొడియగును. కాని ఆ నీరు పోవు గొట్టము పూడినచో నీరు లోపలికే వచ్చును. లోపలి గాలినే మరల మరల త్రిప్పునట్లు మీట నుంచరాదు. కొంత క్రొత్తగాలి వచ్చుచునే యుండవలెను. యంత్రము ఆగినచో గొట్టములపై తడి మరల గాలిలో కలియును. కాబట్టి చలువయంత్రము ఉన్న బండికిని పంకాలు ఉండితీరవలెను.

తేమను కొలుచు చిన్న యంత్రములు నేడు కొద్దిపాటి వెలకే దొరకుచున్నవి. ఒకటి కొని, కుక్కల మూతి ఎత్తున, నీరు తగులని చోట కట్టుడు. తేమయు వేడిమియు రెండును చూపునట్టిదైనచో మేలు. బయటి తేమకును లోపలి తేమకును ఎంత భేదమున్నదో చూచుచుండుడు. ఆ భేదము పెరుగుచున్నదనగా గాలి మాఱుటలేదని అర్థము. యంత్రము లేనివారికి అరచేయి యున్నది. కుక్కలను దించిన వెంటనే కప్పును తాకి చూడుడు. తడి తగిలినచో గుడ్డ తెచ్చి తుడుచుటకు ముందు వాకిళ్లను, పంకాలను పరీక్షింపుడు.

మహాభారతపు చివర ధర్మరాజు కథ మీ రెఱుగుదురు. ఇంద్రుడు రథము తెచ్చి రమ్మన్నప్పుడు, వెంటవచ్చిన కుక్కను విడిచి యెక్కనని ఆ మహారాజు నిలిచెను. అది స్వర్గమునకు పోవు రథము, పైకప్పు లేదు, గాలికి కొఱత లేదు. కావున ఆయన చోటు మాత్రమే అడిగెను. మన బండ్లకు కప్పును, గోడలును, తలుపును, గడియయు నున్నవి. గడియ వేసిన చేయి మనది గాన, లోపలి ప్రాణులకు గాలి నిచ్చు బాధ్యతయు మనదే. చోటు ఇచ్చుట సగము ధర్మము. గాలి ఇచ్చుట తక్కిన సగము.

ఇట్టి బండ్లు కొనువారును, కట్టించువారును, నడుపువారును ఈ నాలుగు మాటలను మనసున నుంచుకొందురుగాక. సెలవు.